ట్రక్ క్యాంపర్‌ను ఛాసిస్‌కు బిగించాలా, బెడ్‌కు బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న

నమస్కారం. నా దగ్గర 2018 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉంది. దాని వెనుక సామాను పెట్టే తొట్టిలో, అంటే బెడ్‌లో కూర్చునే గట్టి గోడల క్యాంపర్ (ప్రయాణాల్లో బస చేసే గది) ఒకటి తీసుకున్నాను. నీళ్ళ ట్యాంకు నింపి, సామాను సర్ది తూకం వేయిస్తే 800 కిలోలు వచ్చింది. తలుపు స్తంభం మీది లేబుల్‌లో ఉన్న పేలోడ్ (వాహనం మోయగల బరువు) పరిమితికి ఇది లోబడే ఉంది. క్యాంపర్ నాలుగు మూలల్లో బిగింపు కోసం నాలుగు రింగులు ఇచ్చారు. వాటిని కిందికి బిగించడానికి హ్యాపీజాక్ కంపెనీ తరహాలో బెడ్‌కు అమర్చే పట్లు (కట్లు తగిలించే బ్రాకెట్లు), టార్క్‌లిఫ్ట్ కంపెనీ తరహాలో ఛాసిస్‌కు, అంటే బాడీ కింది చట్రానికి అమర్చే పట్లు కనిపిస్తున్నాయి. ఇవేవీ లేకుండా చేతిపిడితో బిగించే రాచెట్ పట్టీలతో బెడ్ లోపలి రింగులకు కట్టుకుంటే చాలునని చెప్పేవారూ ఉన్నారు. అల్యూమినియం బెడ్‌కు రంధ్రాలు వేయడం నాకు ఇష్టం లేదు. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

పట్టీ ఎంత బలమైనదనే దానికన్నా, ఆ బలం చివరికి వాహనంలో ఏ భాగం మీద పడుతుందన్నది ముందు చూడండి. బలంగా బ్రేకు వేసినప్పుడు వేగం 0.8 జి (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) చొప్పున తగ్గిందనుకుంటే, మీ 800 కిలోల క్యాంపర్ దాదాపు 640 కిలోల బలంతో ముందుకు తోసుకువస్తుంది. మలుపుల్లో, పక్కగాలిలో అది ఒక వైపుకు ఒరగాలని చూస్తుంది; అప్పుడు రెండో వైపు పట్లు పైకి లాగబడతాయి. బెడ్ గోడలు పలుచని రేకుతో చేసినవి కాబట్టి, ఇలా పదే పదే పైకి లాగే బలానికి అంచులు వంగడమో, బోల్టు చుట్టూ పగుళ్ళు రావడమో జరగవచ్చు. ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియంతోనే వస్తోంది. అందులోకి ఉక్కు బోల్టులు దించితే, తడి చేరినప్పుడు రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తినేసుకుపోతుందన్న చిక్కు కూడా ఉంది. ఛాసిస్ పట్లలో చాలావరకు ఆయా వాహనం మోడల్‌కు తగినట్టు తయారై, ఛాసిస్‌లో ముందే ఉన్న రంధ్రాలకు బిగుస్తాయి. పైగా వాటి చేతులు బెడ్ వెడల్పును దాటి బయటికి వస్తాయి కనుక ఒరుగుడును బాగా అదుపు చేస్తాయి. మీ పరిస్థితికి ఛాసిస్ పట్లే సరైనవని నా గట్టి అభిప్రాయం.

రెండో సమాధానం

పై అభిప్రాయంతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే దాన్ని అన్ని క్యాంపర్లకూ వర్తింపజేయకూడదు. పైకప్పు పైకి లేచే తేలికపాటి క్యాంపర్లలో కొన్నింటిని బెడ్ నేలకు ఐబోల్టులు (తల రింగులా ఉండే బోల్టులు) వేసి, కింద వెడల్పాటి ఉక్కు పలకలు పెట్టి, లోపలి నుంచే టర్న్‌బకిల్స్‌తో (తిప్పి బిగువు పెంచే మర కడ్డీలతో) బిగిస్తారు. బలం పెద్ద వైశాల్యం మీద పరుచుకుంటుంది కాబట్టి అది వాటికి చక్కగా పనిచేస్తుంది. మీ క్యాంపర్‌కు రింగులు బయటి మూలల్లో ఉన్నాయి గనుక ఆ దారి మీకు లేదు.

బెడ్ లోపలి రింగులు మామూలు సామాను కోసం పెట్టినవి. వాటికి క్యాంపర్‌ను కట్టవద్దు. రాచెట్ పట్టీలు బరువు మోస్తూ సాగుతాయి, ఎండకు బలం కోల్పోతాయి, పదునైన అంచు తగిలితే కోసుకుపోతాయి. క్యాంపర్‌ను దగ్గరి చోటికి నెమ్మదిగా తరలించడానికి తప్ప, ప్రయాణాలకు నేను వాటిని సిఫార్సు చేయను.

మూడో సమాధానం

పట్ల ఎంపిక మీద ఇంత చర్చ జరిగింది కాబట్టి టర్న్‌బకిల్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యాంపర్ రింగులు ఊడిపోవడానికి తరచుగా కారణం అక్కడే ఉంటుంది. ఒక చక్రం గుంతలో దిగినప్పుడు ఛాసిస్ మెలితిరుగుతుంది, క్యాంపర్ మాత్రం అంతగా తిరగదు. ఆ క్షణంలో పై రింగుకూ కింది పట్టుకూ మధ్య దూరం మారుతుంది. సాగని గొలుసుతో బిగించి ఉంటే ఆ మార్పు మొత్తం క్యాంపర్ చట్రంలోని రింగు మీదే పడుతుంది, లేదా గొలుసు ఒకసారి వదులై మరుక్షణం కుదుపుతో లాగుతుంది. అందుకే స్ప్రింగ్ ఉన్న టర్న్‌బకిల్స్ తీసుకోండి. స్ప్రింగ్‌ను పూర్తిగా నొక్కుకుపోయేలా బిగిస్తే అది ఉన్నా లేనట్టే. తయారీదారు చెప్పిన గుర్తు వరకే బిగించాలి.

ముందు టర్న్‌బకిల్స్ కింది కొన ముందుకు, వెనుక వాటి కింది కొన వెనక్కు వాలి ఉండాలి. అప్పుడు బ్రేకు వేసినప్పుడు వెనుకవి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందువి క్యాంపర్‌ను జారకుండా ఆపుతాయి. బెడ్ నేల మీద మందపాటి రబ్బరు చాప వేయడం మరవకండి, అది జారుడును బాగా తగ్గిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఛాసిస్ పట్లు, స్ప్రింగ్ టర్న్‌బకిల్స్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. పట్ల మీద రాసి ఉండే పని భారం పరిమితి (సురక్షితంగా తట్టుకోగల బరువు) ఎంత ఉండాలో ఎలా లెక్క వేసుకోవాలి?

మూడో సమాధానం ఇచ్చినవారు

అమెరికాలో వాణిజ్య వాహనాల సరుకుకు ఉన్న నియమం ప్రకారం, అన్ని కట్ల పని భారం పరిమితి కలిపి సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. మీ విషయంలో అది 400 కిలోలు; అయితే వాహనం మీది పట్టు నుంచి సరుకు మీది రింగుకు నేరుగా వెళ్ళే కట్ల పరిమితిలో సగమే లెక్కకు వస్తుంది కాబట్టి, మీ పట్ల మీది అంకెలు కలిపి 800 కిలోలు ఉండాలి. దాన్ని కనీస హద్దుగానే తీసుకోండి. నాలుగు పట్లలో ప్రతి ఒక్కటీ విడిగా 400 కిలోలను తట్టుకునేలా చూసుకుంటే, ఒకటి వదులైనా మిగతావి క్యాంపర్‌ను నిలబెడతాయి. గొలుసు, కొక్కెం, టర్న్‌బకిల్, పట్టు – వీటిలో అన్నిటికన్నా తక్కువ పరిమితి దేనికి ఉందో ఆ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. క్యాంపర్ ఎక్కించాక కొంత దూరం నడిపి, ఆగి మళ్ళీ బిగువు చూడండి. మొదటి కుదుపులకు అది బెడ్‌లో సర్దుకుని కట్లు కొంచెం వదులవుతాయి.