అప్‌డేట్: స్కాట్లాండ్ ఉత్తర తీరం ప్లాన్ మార్చేశాం

పోయిన నెల అడిగాను కదా, హన్మకొండ నుంచి అమ్మను, బాపును తీసుకుని ఎడిన్‌బరోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్తున్నాం, అక్కడి ఉత్తర తీరం చుట్టి వచ్చే "నార్త్ కోస్ట్ 500" అనే రోడ్డు రూట్‌ను కారులో నాలుగు రోజుల్లో తిరగొచ్చా అని. కుదరదని మీరు చెప్పిందే నిజం. ఇన్వర్‌నెస్‌లో మొదలై మళ్లీ అక్కడికే వచ్చే 516 మైళ్లు, అంటే దాదాపు 830 కిలోమీటర్లు. మన హైదరాబాద్ హైవే లెక్కలు అక్కడ పనికిరావు. ఎనిమిది రోజులు పెట్టుకున్నాం.

అసలు టెన్షన్ రోడ్డుతోనే. చాలాచోట్ల ఒక్క బండి పట్టేంతే ఉంటుంది. ఎదురుగా ఎవరైనా వస్తే పాసింగ్ ప్లేస్ (దారి ఇవ్వడానికి రోడ్డు పక్కన కాస్త వెడల్పు చేసిన చోటు) దగ్గర ఆగాలి. అది కుడివైపు ఉంటే అందులోకి దూరకూడదు, దానికి ఎదురుగా మన ఎడమవైపే ఆగాలి. బావ వీడియో కాల్‌లో రెండు అగ్గిపెట్టెలు పెట్టి ఇదంతా చూపిస్తే, బాపు "చెరువు కట్ట మీద ట్రాక్టర్ ఎదురొస్తే మనం చేసేదీ అదే కదా" అనేశాడు.

626 మీటర్ల ఎత్తుకు మెలికలు తిరుగుతూ ఎక్కే బ్యాలక్ న బా కనుమ మాత్రం వదిలేశాం, అమ్మకు ఘాట్‌లో వాంతులు. ఆ కనుమ అవతలున్న ఆపిల్‌క్రాస్ ఊరికి షీల్‌డేగ్ అనే ఊరి వైపు నుంచి తీరం రోడ్డు ఉందని చెప్పినవాళ్లకు థ్యాంక్స్.

డర్నెస్ దగ్గరి స్మూ గుహ, బ్రిటన్ ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొస అయిన డనెట్ హెడ్ ప్లాన్‌లో ఉన్నాయి. సకినాల డబ్బా, చిన్న రైస్ కుక్కర్ సర్దేశాం. మిడ్జ్‌లనే సన్న దోమలకు తల మీద వేసుకునే వల అక్క కొంటానంది.