పదో తరగతి ప్రత్యేక తరగతులు సాయంత్రం ఆరు గంటల దాకా: ఇది అందరు పిల్లలకూ సాధ్యమేనా?

తండా తండ్రి

మాది దేవరకొండ వైపు ఒక తండా. మా మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలకు ఇప్పటిదాకా సాయంత్రం 4.15 నుంచి 5.15 వరకు ఒక ప్రత్యేక తరగతి జరిగేది. సోమవారం నుంచి దానిని 6 గంటల దాకా పొడిగిస్తున్నామనీ, ఉదయం 8 గంటలకు మరొక తరగతి ఉంటుందనీ, రెండింటికీ హాజరు తప్పనిసరి అనీ పిల్లల చేత డైరీలో రాయించి పంపారు.

మా తండా నుంచి బడికి 9 కిలోమీటర్లు. 2024 జూలైలో ఉన్నత పాఠశాలల వేళలను 9.30–4.45 నుంచి 9.00–4.15కు మార్చినప్పుడు మా పిల్లలు అరగంట ముందుగా బయలుదేరడం అలవాటు చేసుకున్నారు, మేమూ ఏమీ అనలేదు. ఇప్పుడు 8 గంటలకు బడిలో ఉండాలంటే ఏడింటికి ముందే ఇల్లు వదలాలి. డిసెంబరులో 5.40 ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది కాబట్టి, 6 గంటలకు వదిలితే నా బిడ్డ ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. ప్రత్యేక తరగతులు వద్దని నేను అనడం లేదు. దూరం నుంచి వచ్చే పిల్లలకు ‘తప్పనిసరి’ అనే మాట తీసివేయాలని అడుగుతున్నాను. ఇతర మండలాలలో ఎలా చేస్తున్నారో తెలిసినవారు చెప్పగలరు.

గణితం సార్

ఆ నిర్ణయం తీసుకున్న ఉపాధ్యాయులలో నేనూ ఒకణ్ని కాబట్టి సమాధానం చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది. మా పదో తరగతిలో 118 మంది పిల్లలు, రెండు సెక్షన్లు, గణితానికి నేనొక్కణ్నే. 45 నిమిషాల పీరియడును 59 మందికి పంచితే ఒక్కొక్కరికి ముప్పావు నిమిషం వస్తుంది. ఆ ముప్పావు నిమిషంలో త్రికోణమితిలో తడబడుతున్న పిల్లవాడి పక్కన కూర్చుని ఎక్కడ తప్పాడో చూపించడం ఎవరి తరం?

పరీక్ష పద్ధతి మారిన సంగతినీ గమనించాలి. పూర్వం పదకొండు పేపర్లు ఉన్నప్పుడు గణితానికి రెండు పేపర్లు ఉండేవి, పుస్తకాన్ని రెండు భాగాలుగా చదువుకునే వీలుండేది. 2022 నుంచి పేపర్లు ఆరయ్యాయి. పుస్తకం మొత్తం ఒకే రోజు, 80 మార్కులకు రాయాలి, అందులో 28 రావాలి. బడి వేళల్లో జరిగే బోధన దీనికి చాలదు. పదో తరగతి ఫలితాల్లో వికారాబాద్ జిల్లా 2024లో 65.10 శాతం ఉత్తీర్ణతతో రాష్ట్రంలో చివరన నిలిచి, 2025లోనూ చివరనే ఉన్నప్పటికీ 73.97 శాతానికి చేరింది. అదనపు గంటలు పెట్టకుండా అంత దూరం రాగలిగేదని నేను అనుకోను. ‘తప్పనిసరి’ అనే మాటను ఒక్కరికి సడలిస్తే మర్నాడు అరవై మంది చీటీలు పట్టుకుని వస్తారు, అప్పుడు తరగతే ఉండదు.

బస్టాండ్ వెనక వీధి

అన్నా, సాయంత్రం 6.20కి మీ వైపు వెళ్లే బస్సు ఒకటి ఉంది. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి బస్సు ప్రయాణం ఉచితం కూడా. ఆరు గంటలకు బడి వదిలితే నడిచి బస్టాండుకు రావడానికి పది నిమిషాలు చాలు. ఇందులో కష్టం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

తండా తండ్రి

ఆ బస్సు తండాకు రాదు తమ్ముడా. క్రాస్‌రోడ్డు దగ్గర దింపి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు చేల మధ్య నడవాలి.

బస్టాండ్ వెనక వీధి

క్రాస్‌రోడ్డు దగ్గర నుంచి మీ తండా వైపు ఆటోలు తిరుగుతాయి. నేను స్వయంగా ఎక్కాను.

తండా తండ్రి

మీరు ఎక్కింది పగటిపూట అయి ఉంటుంది. చీకటి పడ్డాక అక్కడ ఆటో ఆగి ఉండాలంటే నలుగురైదుగురు ఎక్కేవాళ్లు ఉండాలి. మా తండా నుంచి పదో తరగతికి వెళ్లే పిల్లలు ఏడుగురు, వారిలో ఆడపిల్లలు ముగ్గురు.

పదో తరగతి తల్లి

నా ఇల్లు బడికి ఎదురుగానే ఉంది, కాబట్టి దూరం గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ నా వైపు మాట కూడా వినండి. మాది ఒకే గది ఇల్లు. సాయంత్రం మా మామయ్య టీవీ పెడతారు, చిన్నవాడు ఫోను కోసం ఏడుస్తాడు, నేను వంట చేస్తూ ఉంటాను. నా కొడుకు పుస్తకం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలి? వాడికి బడి తప్ప చదువుకునే చోటు లేదు. ఆరు దాకా కాదు, ఎనిమిది దాకా ఉంచినా నేను దణ్ణం పెడతాను. దయచేసి ఈ తరగతులను ఆపించే ప్రయత్నం చేయకండి.

పాత విద్యార్థి, 2023 బ్యాచ్

ఆకలి సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. ఏడింటికి ఇల్లు వదిలిన పిల్లలకు మధ్యాహ్న భోజనం దాకా ఏమీ ఉండదు, ఆ తరువాత ఇంటికి చేరేదాకా మళ్లీ ఏమీ ఉండదు. 2025లో సాయంత్రం అల్పాహారం ఇచ్చింది ఫిబ్రవరి 1 నుంచి మార్చి 20 వరకు, 38 రోజులు మాత్రమే, పిల్లకు రోజుకు 15 రూపాయల లెక్కన. డిసెంబరులో మొదలయ్యే తరగతికి ఫిబ్రవరిలో వచ్చే గుగ్గిళ్లు ఎలా సరిపోతాయి? నేను ఆ చివరి గంటలో బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవాణ్ని.

గణితం సార్

అల్పాహారం విషయంలో మీరు చెప్పింది నిజం. గత నెల నుంచి మేము కొందరం ఉపాధ్యాయులం డబ్బులు వేసుకుని పల్లీలు, బెల్లం తెప్పిస్తున్నాం. అది 118 మందికి ఎన్ని రోజులు సాగుతుందో నాకూ తెలియదు.

అయితే తండా తండ్రి గారికి ఒక మాట సూటిగా చెప్పక తప్పదు. మా హాజరు పట్టిక నా ముందే ఉంది. నవంబరులో మీ తండా పిల్లలు ఏడుగురిలో నలుగురు పత్తి ఏరే రోజుల్లో వరుసగా వారం, పది రోజులు బడికి రాలేదు. పొద్దున్నే చేనుకు వెళ్లి చీకటి పడ్డాక తిరిగి రావడానికి అడ్డురాని దూరం, బడికి వచ్చేసరికి అడ్డు వస్తున్నది. నేను తెల్లవారుజామున 5 గంటలకు లేచి పిల్లల ఇళ్లకు ఫోను చేసి చదువుకోమని నిద్ర లేపుతున్నాను. అటువైపు ఫోను ఎత్తే తల్లిదండ్రులు ఎందరో చెబితే మీకు బాధ కలుగుతుంది.

తండా తండ్రి

సార్, మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి నేనూ దాచుకోకుండా చెబుతాను. మీరు చెప్పిన నలుగురిలో నా బిడ్డ లేదు. నాకు రెండు ఎకరాల పత్తి ఉంది. ఈ సంవత్సరం కూలి ఇచ్చి ఏరించాను, నా భార్యా నేనూ ఏరాము, బిడ్డను ఒక్క రోజు కూడా చేనులోకి దింపలేదు. మిగతా నలుగురి ఇళ్లలో ఏమి జరిగిందో కూడా నాకు తెలుసు. వాన పడితే చెట్టు మీదే పత్తి నల్లబడి ధర పోతుంది, ఆ వారంలో ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ కావాలి. అది తప్పే అయినా, ఆ తప్పును తెచ్చి నా మీద పెట్టవద్దు.

నేను 1999లో పదో తరగతి గణితంలో తప్పాను. ఆ ఏడాది మా తరగతిలో వెనక బల్లల మీద పదకొండు మందిమి కూర్చునేవాళ్లం. మాకు రాదు అని ముందే తేల్చేశారు కాబట్టి మమ్మల్ని లేపి అడిగినవారు లేరు. తప్పిన తరువాత పూణె వెళ్లి పదేళ్లు మట్టిపని చేశాను. ఆ తరువాత దూరవిద్యలో పదీ, ఇంటరూ పూర్తిచేసి, తండాలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాను. నేను ఫోను ఎత్తే తండ్రినే. నిన్న కూడా 5 గంటలకు మీరు చేస్తే ఎత్తింది నేనే.

ఇక అసలు సంగతి చెబుతాను, మొదటే చెప్పకపోవడం నాదే పొరపాటు. నాకు బాధ కలిగించింది ఆరు గంటలు కాదు. మొన్న ఆదివారం నా బిడ్డ నోటుపుస్తకం తెరిచి చూశాను. ప్రత్యేక తరగతి మొదలైన రోజు నుంచి అందులో అవే పన్నెండు లెక్కలు ఉన్నాయి. సోమవారం రాసినవే బుధవారం, బుధవారం రాసినవే శుక్రవారం. అందులో ఒక లెక్కను చూపించి ఇది ఏమి అడుగుతున్నదమ్మా అన్నాను. చెప్పలేకపోయింది. జవాబు మాత్రం చూడకుండా రాసింది. ఎందుకిలా అని అడిగితే ‘నేను సి గ్రూపు నాన్నా, మాకు ఇవే’ అన్నది. లెక్కలు బాగా వచ్చే ‘ఎ’ గ్రూపు పిల్లలకు మీరు బోర్డు మీద కొత్త లెక్కలు చెబుతున్నారట, సి గ్రూపును వరండాలో కూర్చోబెట్టి రాయిస్తున్నారట. రాత్రి ఏడింటికి చీకట్లో నడిచి ఇంటికి రావలసింది దీని కోసమా?

బస్టాండ్ వెనక వీధి

గ్రూపులు అన్ని బడులలోనూ ఉంటాయి అన్నా. బస్సు విషయంలో నేను చెప్పింది తప్పు కాదని మాత్రం మళ్లీ చెబుతున్నాను.

పదో తరగతి తల్లి

సార్, మా వాడు ఏ గ్రూపు? మాకు ఇంతవరకు చెప్పలేదు.

గణితం సార్

అమ్మా, మీ అబ్బాయి సంగతి ఇక్కడ రాయలేను, రేపు బడికి రండి.

తండా తండ్రి గారూ, పత్తి మాట మీ విషయంలో అన్నందుకు క్షమించండి. మీరు నోటుపుస్తకంలో చూసింది నిజమే, కాదనను. సి గ్రూపులో 41 మంది ఉన్నారు. వీళ్లు 2022–23లో ఏడో తరగతిలో ఉండగా ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని తరగతులకూ ఒక్కసారే ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. అంతవరకు తెలుగులో చదివిన పిల్లలు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. చాలామంది ఆ రెండు పుటలలో దేనినీ నిలకడగా చదవలేని స్థితిలో పదో తరగతికి వచ్చారు. భాగహారం రాని పిల్లలు అందులో పద్నాలుగు మంది. ఆరేళ్లలో జారిపోయినదాన్ని మూడు నెలల్లో నేను నేర్పలేను. కానీ ఆ 28 మార్కులు తెప్పించగలను, పన్నెండు లెక్కలూ, నాలుగు జ్యామితి నిర్మాణాలూ, గ్రాఫూ వస్తే చాలు.

ఆడపిల్ల పది తప్పితే తండాలో మే నెలలో ఏమి జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నిరుడు మా బడిలో తప్పిన తొమ్మిది మంది అమ్మాయిలలో ముగ్గురికి జూన్ లోపలే పెళ్లిళ్లు అయ్యాయి. ఒక పెళ్లికి నేనే వెళ్లి ఆపమని బతిమాలాను. ఆ పిల్ల ముఖం నాకు ఈ రోజుకూ కళ్ల ముందు ఉంది. ఆమెకు ఆ రోజు పాస్ అయిన కాగితం ఒకటి చేతిలో ఉంటే ఇంటరు పేరు చెప్పి మరో రెండేళ్లు గడపగలిగేది. మీరు అర్థం కావాలంటున్నారు, నేను ఆ కాగితం కావాలంటున్నాను.

తండా తండ్రి

ఇప్పుడు మీరు మనసు విప్పి మాట్లాడారు సార్. ఆ పెళ్లి ఇంటికి వెళ్లి బతిమాలినందుకు మీకు నమస్కారం. కానీ ఆ కాగితం పట్టుకుని నా బిడ్డ ఇంటరులో చేరితే మొదటి వారంలోనే మళ్లీ వెనక బల్ల మీదికి వెళుతుంది. అక్కడ ఏ సార్ పన్నెండు లెక్కలు ఏరి ఇస్తారు? నాకు 1999లో జరిగింది ఆమెకు 2027లో జరుగుతుంది, అంతే తేడా. తప్పితే పెళ్లి చేసే తండ్రిని కాను నేను. ఆమె తప్పినా మళ్లీ రాయిస్తాను, నేను రాయలేదా? నాకు కావలసింది ఆమె లెక్క చదివి, అందులో ఏమి అడిగారో తన మాటల్లో చెప్పగలగడం. ఒక గంట ఇస్తే చాలు, మూడు గంటలు అక్కరలేదు.

పాత విద్యార్థి, 2023 బ్యాచ్

తండా తండ్రి గారు చెప్పినది నిజం. నేను అలా కంఠతా పట్టి పాసయ్యాను, ఇంటర్ మొదటి సంవత్సరంలో గణితం మానేసి గ్రూపు మార్చుకున్నాను.

గణితం సార్

తండా తండ్రి గారూ, మీ వంటి తండ్రులు 41 మంది ఉంటే నేనూ మీలాగే మాట్లాడేవాణ్ని. ఫలితాల రోజున నన్ను పిలిచి అడిగేది ఎందరు పాసయ్యారని మాత్రమే, ఎందరికి అర్థమైందని ఎవరూ అడగరు. అయినా ఒకటి చేస్తాను. ఉదయం 8 గంటల తరగతిలో సి గ్రూపు పిల్లలను వరండాలో కాక గదిలో కూర్చోబెడతాను. రాయించడం ఆపి, రోజుకు రెండు లెక్కలను మాత్రం తెలుగు పుటలో పైకి చదివించి, ఏమి అడిగారో వాళ్ల చేత చెప్పించి, ఆ తరువాత ఇంగ్లీషు పుట చదివిస్తాను. ‘ఎ’ గ్రూపు వాళ్లు ఆ గంట సొంతంగా చేసుకోగలరు. సాయంత్రం మాత్రం పన్నెండు లెక్కలే, ఆరు గంటలే. దానిని నేను మార్చను, మీ అమ్మాయి ఒక్కదానికి సడలింపు రాయలేను.

తండా తండ్రి

సరే సార్. సోమవారం ఉదయం 8 గంటలకు నా బిడ్డను నేనే బండి మీద తెచ్చి గది దాకా వదులుతాను, మిగతా ఇద్దరు ఆడపిల్లలకు కూడా వాళ్ల ఇళ్లలో చెప్పి ఏదో ఒక ఏర్పాటు చేస్తాను. సాయంత్రం 4.15కు మళ్లీ నేనే వచ్చి తీసుకెళతాను. హాజరు పట్టికలో సాయంత్రం గడిలో మీరు రాయవలసింది రాయండి.