అప్‌డేట్: మా ఊరి పాత గ్రంథాలయాన్ని కూలగొట్టలేదు

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతున్న పాత గ్రంథాలయాన్ని కూల్చి కొత్త హాలు కట్టాలంటున్నారని, నిలబెట్టే దారి ఉందా అని ఆమధ్య అడిగాను. మీలో చాలామంది ముందు సిమెంటు పూత గీకించమన్నారు. అదే చేశాం.

పూత తీయగానే లోపలి ఇటుక తడితడిగా ఉంది. చేత్తో రుద్దితే పొడి రాలింది. సున్నపు గోడలో చెమ్మ ఎప్పటికప్పుడు బయటికి ఆరిపోతుంది, పైన సిమెంటు పూస్తే లోపలే ఉండిపోతుంది. వేసవంతా గోడల్ని ఆరనిచ్చాం. తర్వాత నానబెట్టిన సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి పూయించాం. సున్నం నిదానంగా గట్టిపడుతుంది, తొందరపెట్టకూడదు. ఈ పని తెలిసిన పెద్దమేస్త్రి దొరకడం మా అదృష్టం. ఇద్దరు కుర్రాళ్ళకు దగ్గరుండి నేర్పించారు కూడా.

ఊరి పెద్దల్ని ఒప్పించడానికి సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి ఫొటోలు పనికొచ్చాయి. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన ఆ బావి 2022 డిసెంబరులో మళ్ళీ జనానికి తెరుచుకుంది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఇప్పటికీ గ్రంథాలయంగానే నడుస్తోందని కూడా చెప్పాను.

ఇప్పుడు పొద్దున పోటీ పరీక్షల పిల్లలు చదువుకుంటున్నారు, సాయంత్రం డ్వాక్రా సంఘం సమావేశాలు జరుగుతున్నాయి. అరుగు మీద పేపరు చదివే పెద్దాయనలు తిరిగొచ్చారు. నాకు అన్నిటికన్నా సంతోషం అదే.

ఇక పైకప్పు పని మిగిలింది. టేకు దూలాలు గట్టిగానే ఉన్నాయి, గోడలో దిగిన కొనలే పుచ్చాయి. కొన కోసి కొత్త టేకు అతికించే వడ్రంగి తెనాలి వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి, వానలు ముదరకముందే మొదలుపెట్టాలి.