మేయర్‌ను మనం ఎన్నుకోనప్పుడు కార్పొరేటర్ ఓటు ఎవరిని చూసి వేయాలి?

ఇందూరు వాసి:
అందరికీ నమస్తే. మాది నిజామాబాద్. చాలా రోజులుగా ఈ ప్రశ్న మనసులో ఉంది, ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని రాస్తున్నా. 2020 జనవరి 22న మా కార్పొరేషన్‌కు పోలింగ్ జరిగింది. 60 డివిజన్లు. బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, అప్పటి టీఆర్ఎస్‌కు 13, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి, ఒక ఇండిపెండెంట్ గెలిచారు. ఎవరికీ సొంతంగా సగం దాటలేదు. 27న మేయర్ ఎన్నిక పెడితే 13 మంది ఉన్న టీఆర్ఎస్ నుంచి నీతూ కిరణ్ గారు మేయర్ అయ్యారు, మజ్లిస్‌కు డిప్యూటీ మేయర్ పదవి వచ్చింది. నేను ఏ పార్టీ మనిషిని కాదు, ఎవరు గెలవాల్సింది ఎవరు ఓడాల్సింది అని అడగడం లేదు. నేను ఓటేసిన రోజు ఈ రెండు పార్టీలు కలుస్తాయని బ్యాలెట్ పేపర్ మీదా లేదు, గల్లీలోకి వచ్చి చేతులు జోడించిన అభ్యర్థి నోటా రాలేదు. ఆ కౌన్సిల్ గడువు 2025 జనవరితో అయిపోయింది, తర్వాత స్పెషల్ ఆఫీసర్ పాలన వచ్చింది. మళ్లీ ఎన్నికలు వస్తే నేను చూడాల్సింది పార్టీనా, మనిషినా? మేయర్‌ను నేరుగా ఎన్నుకునే హక్కు మనకు ఎందుకు లేదు? కౌన్సిల్‌కు పోటీ చేయని ఎమ్మెల్యేలకు మేయర్ ఎన్నికలో ఓటు ఎక్కడి నుంచి వచ్చింది? కొంచెం వివరంగా చెప్పండి.

ఓరుగల్లు లాయర్:
మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది దాన్ని ఏదో అడ్డదారి అనుకుంటారు. అది రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణతో వచ్చిన 243ఆర్ అధికరణ చూడండి. మున్సిపాలిటీ పరిధి పూర్తిగా గానీ కొంత గానీ తమ నియోజకవర్గంలో ఉన్న ఎంపీ, ఎమ్మెల్యేలకు, అక్కడ ఓటరుగా నమోదైన రాజ్యసభ సభ్యులకు, ఎమ్మెల్సీలకు కౌన్సిల్లో చోటు ఇవ్వొచ్చని ఉంది. మున్సిపల్ పాలనలో అనుభవం ఉందని నామినేట్ చేసినవాళ్లకు మాత్రం ఓటు ఉండదని అక్కడే రాశారు. ఎమ్మెల్యేలకు అలాంటి ఆంక్ష పెట్టలేదు, అందుకే ఎక్స్ అఫీషియో ఓటు, అంటే వేరే పదవి హోదాతో వచ్చే ఓటు. అదే అధికరణ చైర్‌పర్సన్‌ను ఎలా ఎన్నుకోవాలో తేల్చే పని రాష్ట్ర శాసనసభకు వదిలేసింది. అంటే నేరుగా మేయర్‌ను ఎన్నుకోకూడదని రాజ్యాంగం ఎక్కడా అనలేదు, మన రాష్ట్రాలు చేసిన చట్టాలు కౌన్సిల్ ద్వారా అన్నాయి.

మీ ఊరి లెక్కే తీసుకుందాం. బీజేపీకి 28, ఎంపీ ఓటు కలుపుకున్నా 29. ఇటు 13కు 16 కలిపితే అదీ 29. ఆపైన అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఉన్నారు. కాబట్టి తక్కువమంది కలిసి ఎక్కువమందిని దాటారు అనడం సరికాదు, 29 డివిజన్ల ప్రజలూ ఓటర్లే. మీ బాధ వేరే చోట ఉంది, ఆ కలయిక పోలింగ్‌కు ముందు మీకు తెలియకపోవడం. అది న్యాయమైన బాధ. ఇంకో సంగతి, మేయర్ ఎన్నికలో రహస్య ఓటింగ్ లేదు, చేతులెత్తాలి. గుర్తింపు పొందిన పార్టీ విప్, అంటే ఎవరికి ఓటేయాలో తన కార్పొరేటర్లకు ఆదేశం, ఇవ్వొచ్చు. విప్ ధిక్కరించిన కార్పొరేటర్ పదవి పోతుంది గానీ ఆ రోజు ఎత్తిన చెయ్యి మాత్రం లెక్కలోకి వస్తుంది. కార్పొరేటర్లు చేజారకుండా ఒకచోట ఉంచే క్యాంపులు ఎందుకు పెడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. కుర్చీ ఆ రోజే దక్కుతుంది, అనర్హత కేసు తర్వాత ఎప్పటికో తేలుతుంది.

బెజవాడ పాత ఓటరు:
నేరుగా ఎన్నుకునే పద్ధతి మనకు కొత్తేం కాదండీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో, 2000లో మేయర్లను ప్రజలే ఎన్నుకున్నారు. మా విజయవాడలో 1995లో సీపీఐ నుంచి టి. వెంకటేశ్వరరావు గారు గెలిచారు, 2000లో పంచుమర్తి అనురాధ గారు 26 ఏళ్ల వయసులో మేయర్ అయ్యారు. హైదరాబాద్‌లో 2002లో తీగల కృష్ణారెడ్డి గారిని కూడా జనమే నేరుగా ఎన్నుకున్నారు. అప్పుడు బూత్‌లో రెండు ఓట్లు, ఒకటి మేయర్‌కు, ఒకటి మన డివిజన్‌కు. ప్రచారంలో తేడా స్పష్టంగా కనపడేది. మేయర్ అభ్యర్థి ఊరంతా తిరగాలి, కొండమీద ఇళ్లకు నీళ్ల సంగతి వన్‌టౌన్‌లో చెప్పాలి, పటమటలో డ్రైనేజీ గురించి చెప్పాలి, కృష్ణలంకకు వెళ్తే కరకట్ట మాట ఎత్తాలి. ఇప్పుడు మేయర్ ఎవరో ఫలితాలు వచ్చాక గానీ తెలియదు, కొన్నిసార్లు ప్రమాణ స్వీకారం రోజు పార్టీ పేరు రాసి పంపిన సీల్డ్ కవర్ తెరిచే దాకా సొంత పార్టీ కార్పొరేటర్లకే తెలియదు. ఊరికి ఏం చేస్తావని ఎవరిని అడగాలి మనం? 2005లో మళ్లీ పరోక్ష పద్ధతి వచ్చింది, ఆ ఐదేళ్లలో మా ఊళ్లో మేయర్లు మారుతూనే ఉన్నారు. నా ఓటు మాత్రం నేరుగా ఎన్నుకునే పద్ధతికే.

షీలానగర్:
విశాఖ సంగతి చూడండి. 2021 మార్చిలో జీవీఎంసీకి ఎన్నికలు జరిగితే 98 వార్డుల్లో వైసీపీ 58 గెలిచింది, గొలగాని హరి వెంకట కుమారి గారు మేయర్. నాలుగేళ్లు నిండగానే 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసం పెట్టారు, 74 ఓట్లతో నెగ్గింది, అదే నెల 28న టీడీపీ నుంచి పీలా శ్రీనివాసరావు గారు మేయర్ అయ్యారు. మధ్యలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చి ప్రభుత్వం మారింది నిజమే, కానీ వార్డుల్లో ఒక్క ఓటు కూడా కొత్తగా పడలేదు. అదే కార్పొరేటర్లలో చాలామంది అటు నుంచి ఇటు వచ్చారు. నాకు ఏ మేయర్ మీదా కోపం లేదు. కండువా మార్చుకున్న కార్పొరేటర్ తన వార్డుకు వచ్చి ఎందుకు మారానో ఒక్క మీటింగ్ పెట్టి చెప్పి ఉంటే బాగుండేది.

తెల్లాపూర్ తమ్ముడు:
బెజవాడ అన్నా, నేరుగా ఎన్నుకుంటే అన్నీ సర్దుకుంటాయని నేను అనుకోను. షిమ్లా ఉదాహరణ ఉంది. 2012లో అక్కడ మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరినీ ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు, రెండూ సీపీఎం గెలిచింది. కానీ 25 వార్డుల్లో వాళ్లకు వచ్చినవి 3, బీజేపీకి 12, కాంగ్రెస్‌కు 10. ఇక బడ్జెట్ పాస్ కావాలన్నా, తీర్మానం నెగ్గాలన్నా ఎదుటి పార్టీల చేతులు లేవాలి. తర్వాత హిమాచల్ ప్రభుత్వం ఆ పద్ధతినే తీసేసింది. మధ్యప్రదేశ్‌లో నేరుగా ఉండేది, 2019లో మార్చారు, 2022 ఎన్నికల నాటికి మళ్లీ నేరుగా తెచ్చారు. ఎవరు అధికారంలో ఉంటే వాళ్లకు అనుకూలమైన పద్ధతి అన్నట్టు అయిపోయింది.

నా ఉద్దేశంలో అసలు లోపం మేయర్ చేతిలో పవర్ లేకపోవడం. ఫైళ్ల మీద సంతకం కమిషనర్‌ది, కమిషనర్‌ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం. సిబ్బంది జీతాలు, బదిలీలు, పెద్ద టెండర్లు ఏవీ పూర్తిగా మేయర్ చేతిలో ఉండవు. ఊరికి నీళ్లిచ్చే పెద్ద ప్రాజెక్టు కావాలంటే మంత్రి దగ్గరికి పోవాలి. ఎన్నుకున్న మనిషికి నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వకుండా ఎలా ఎన్నుకోవాలో తేల్చుకుంటే మనకు ఒరిగేదేంటి? ముందు అధికారం ఇవ్వండి, తర్వాత నేరుగా ఎన్నుకుందాం.

ఇందూరు వాసి:
అందరికీ థ్యాంక్స్. లాయర్ సార్, 29కి 29 లెక్క నేను ఆ కోణంలో చూడలేదు. తెల్లాపూర్ తమ్ముడూ, మేయర్‌కు పవర్ లేదంటున్నావు సరే, మరి పవర్ లేని కుర్చీ కోసం బస్సులు పెట్టి క్యాంపులు నడపడం ఎందుకు? ఎంతో కొంత ఉండబట్టే కదా. నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రేపు మా డివిజన్లో నలుగురు నిలబడితే నేను ఏం చూసి ఓటేయాలి?

రమణక్క:
తమ్ముడూ, నేను చెప్తా విను. మాది వేరే జిల్లా, ఊరి పేరు రాయను. మా గల్లీలో మోరీ ఇంటి ముందు నుంచి పోయి మూల మీద ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ కల్వర్టు మోరీ కన్నా ఎత్తులో కట్టారు. వాన పడితే నీళ్లు ముందుకు పోవు, వెనక్కి తిరిగి గడప దాకా వస్తాయి. మేయర్ ఏ పార్టీ అయినా ఆ కల్వర్టు తగ్గదు. గెలిచిన కార్పొరేటర్ ఒకాయన ఏఈని, అంటే మున్సిపల్ ఇంజనీర్‌ని, వెంటబెట్టుకుని వచ్చాడు, టేపు పెట్టి కొలిపించాడు, రెండు పక్కలా ఎంత తేడా ఉందో గోడ మీద సుద్దతో గీయించాడు. పని మంజూరు కావడానికి ఏడాది పైనే పట్టింది గానీ అయింది. ఆయనది మేయర్ పార్టీ కాదు. ఆయన తర్వాత వచ్చినామె మేయర్ పార్టీయే, ఆమె భర్త ఫోన్ ఎత్తుతాడు, ఆమె గొంతు మేం ఎప్పుడూ వినలేదు. సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చారు కాబట్టి నేను ఇది కోపంతోనే రాస్తున్నా, గెలిచింది ఆమె అయితే ఆమెనే మాట్లాడనివ్వాలి. నువ్వు ఓటడగడానికి వచ్చినవాళ్లను రెండు అడుగు. నల్లా రాకపోతే ఫోన్ ఎవరు ఎత్తుతారు అని అభ్యర్థినే అడుగు, పక్కనున్నవాళ్లను కాదు. ఎవరికీ మెజారిటీ రాకపోతే మేయర్ ఎన్నిక రోజు చెయ్యి ఎవరికి ఎత్తుతావు అని నలుగురి ముందు అడుగు. చెప్పినా చెప్పకపోయినా నీకు ఒక సమాధానం దొరుకుతుంది.

ఓరుగల్లు లాయర్:
రమణక్క గారి రెండో ప్రశ్న చాలా బాగుంది. ఒక్క మాట కలుపుతాను, పార్టీ టికెట్ మీద గెలిచినవాళ్లు మాటిచ్చినా విప్ వస్తే దానికే కట్టుబడాలి. కాబట్టి ఆ ప్రశ్న అభ్యర్థితో పాటు పార్టీ పట్టణ అధ్యక్షుణ్ని కూడా అడగండి, వీలైతే ప్రెస్ మీట్‌లో విలేకరుల చేత అడిగించండి. ఇండిపెండెంట్లకు విప్ ఉండదు, వాళ్లను ఇంకా గట్టిగా అడగాలి.

ఎలక్షన్ డ్యూటీ టీచర్:
ఎవరికి వేయాలో మీరు తేల్చుకోండి, వేసిన ఓటు చెల్లేలా చూసుకోండి. అసెంబ్లీకి ఈవీఎం అలవాటైపోయి చాలామంది బూత్‌కు వచ్చాక తడబడుతున్నారు. తెలంగాణలో 2020 మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ పేపర్‌తో జరిగాయి, ఆ డిసెంబర్లో జీహెచ్‌ఎంసీ కూడా అంతే. స్వస్తిక్ ముద్ర గుర్తు ఉన్న గడిలోనే పడాలి, రెండు గడుల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోతే ఆ ఓటు పక్కన పెట్టేస్తారు. మడతపెట్టేటప్పుడు ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి, తడి సిరా పక్క గుర్తు మీద అంటదు. లోపల సిబ్బంది ఇచ్చిన స్టాంపు స్వస్తిక్‌దేనా అని ఒకసారి చూసుకోండి, జీహెచ్‌ఎంసీలో నేరేడ్‌మెట్ డివిజన్ ఫలితం ఆగిపోయింది వేరే ముద్ర పడ్డ బ్యాలెట్ల వల్లే, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. మీ ఇంట్లో అందరి పేర్లు ఒకే డివిజన్‌లో ఉన్నాయో లేదో డ్రాఫ్ట్ జాబితా పెట్టినప్పుడే చూసుకోండి. అసెంబ్లీ జాబితాను డివిజన్ల వారీగా విడగొడతారు కాబట్టి హద్దు మీద ఉన్న గల్లీల్లో భార్య ఒక డివిజన్, భర్త ఇంకో డివిజన్ అయ్యే అవకాశం ఉంది. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే, అది దాటాక పోలింగ్ రోజు బూత్‌లో మాతో గొడవపడినా మేం చేయగలిగింది ఏమీ ఉండదు.