స్క్రిప్ట్‌కి సిగ్‌ఇంట్ (కంట్రోల్ సి కొడితే వెళ్లే, ప్రోగ్రామ్‌ని ఆపమనే సిగ్నల్) ఎవరు పంపుతున్నారో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
లినక్స్ సర్వర్‌లో టీమక్స్ (లాగౌట్ అయినా సెషన్‌ని నడుస్తూ ఉంచే టూల్) లోపల ఒక పైథాన్ స్క్రిప్ట్ నడుపుతున్నాను, ఆరేడు గంటల పని. మూడు రాత్రులుగా మధ్యలోనే కీబోర్డ్‌ఇంటరప్ట్ అని పడిపోతోంది, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే నంబర్) 130. ఆ టైమ్‌కి నేను నిద్రలో ఉంటాను, కంట్రోల్ సి కొట్టేవాళ్లే లేరు. హ్యాండ్లర్ (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్) రాసి చూశాను, సిగ్నల్ నంబర్ 2 అంటుంది, పంపిందెవరో చెప్పదు. పిచ్చెక్కుతోంది.

జవాబు 1:
130 అంటే 128కి సిగ్నల్ నంబర్ 2 కలిపినది, సిగ్‌ఇంటే. పైథాన్ హ్యాండ్లర్‌కి నంబరు, ఫ్రేమ్ (ఆ క్షణంలో కోడ్ ఎక్కడుందో చెప్పేది) తప్ప ఇంకేం అందవు కాబట్టి అక్కడ వెతికి లాభం లేదండి. నడుస్తున్న స్క్రిప్ట్ పీఐడీకి (ప్రాసెస్ నంబర్) స్ట్రేస్ (ప్రాసెస్ కెర్నల్‌ని అడిగే పనులు, అంటే సిస్టమ్ కాల్స్, దానికి వచ్చే సిగ్నల్స్ చూపే టూల్) తగిలించి, సిస్టమ్ కాల్స్ వద్దు సిగ్నల్స్ మాత్రమే చూపించమని చెప్పి, ఔట్‌పుట్ ఫైల్‌లోకి పంపి పడుకోండి. పొద్దున ఎస్‌ఐ కోడ్ (సిగ్నల్ ఎలా వచ్చిందో చెప్పేది) చూడండి. ఎస్‌ఐ కెర్నల్ అని ఉంటే టెర్మినల్ నుంచి వచ్చినట్టు. ఎస్‌ఐ యూజర్ అని ఉంటే ఏదో ప్రాసెస్ కిల్ కాల్‌తో పంపినట్టు, పక్కనే దాని పీఐడీ, యూఐడీ (యూజర్ నంబర్) ఉంటాయి.

జవాబు 2:
స్ట్రేస్‌లో ఏమీ పడకుండానే స్క్రిప్ట్ ఆగిపోతే బయట వెతక్కండి. మీ కోడ్‌లోనో, వాడుతున్న లైబ్రరీలోనో ఒక థ్రెడ్ ఇంటరప్ట్ మెయిన్ అనే పైథాన్ ఫంక్షన్‌ని పిలుస్తుండొచ్చు. అసలు సిగ్నలే రాదు, హ్యాండ్లర్ మాత్రం 2 అనే చెబుతుంది. నా రెండ్రోజులు దీనికే పోయాయి.

ప్రశ్న అడిగినవారు:
ఎస్‌ఐ యూజర్ అని వచ్చింది, పీఐడీ కూడా ఉంది, యూఐడీ 0. కానీ పొద్దున పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌లు చూపే కమాండ్) కొడితే ఆ పీఐడీ ఎక్కడా లేదు.

జవాబు 1:
పని చేసుకుని వెళ్లిపోయింది, అంతే. యూఐడీ 0 అంటే రూట్ (అడ్మిన్ యూజర్) కాబట్టి క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది) మీద నాకు అనుమానం. ఆడిట్‌డీలో (సిస్టమ్‌లో జరిగేవి లాగ్ చేసే సర్వీస్) కిల్ సిస్టమ్ కాల్‌కి ఒక రూల్ పెట్టండి, పంపిన ప్రోగ్రామ్ పేరు, దాని పేరెంట్ పీఐడీ, తగిలిన ప్రాసెస్ అన్నీ రాసిపెడుతుంది. చదివేటప్పుడు ఏయూసెర్చ్‌కి (ఆ లాగ్‌లో వెతికే కమాండ్) మైనస్ ఐ ఇవ్వడం మర్చిపోకండి, లేకపోతే కమాండ్ లైన్ హెక్స్‌లో కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది! రూట్ క్రాన్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన క్లీనప్: పీకిల్ (పేరును బట్టి ప్రాసెస్‌లకి సిగ్నల్ పంపే కమాండ్) మైనస్ ఎఫ్‌తో, కమాండ్ లైన్‌లో ఎక్కడైనా 'టెస్ట్' అని ఉన్న ప్రతిదానికీ సిగ్‌ఇంట్ కొడుతోంది. నా ఫోల్డర్ పేరు 'లేటెస్ట్'.

జవాబు 2:
హహ్హ, ఫోల్డర్ పేరు మార్చి ఊరుకోకండి, ఆ క్రాన్ లైన్ కూడా సరిచేయించండి. రేపు ఇంకెవరో 'కాంటెస్ట్' అని పెడతారు.