మామోగ్రాంలో బైరాడ్స్ 0, స్కానింగ్‌లో బైరాడ్స్ 1: తర్వాత ఏ పరీక్ష?

మాది చిత్తూరు. మా అక్కకి 47 ఏళ్లు, గడ్డలేమీ చేతికి తగలడం లేదు, నొప్పి లేదు, ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు. ఊరికే ఒకసారి చూపించుకుందామని మూడు వారాల కింద తిరుపతిలో మొదటిసారి మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) తీయించాం, అది కూడా పీరియడ్ అయ్యాక ఎనిమిదో రోజున, అప్పుడైతే నొప్పి తక్కువగా ఉంటుందన్నారని. రిపోర్టులో డెన్సిటీ 'సి' (అంటే రొమ్ము కణజాలం దట్టంగా ఉందని), కుడివైపు పైన చంక దగ్గర ఒక్క వ్యూలోనే, అంటే ఒక్క కోణంలో తీసినదాంట్లోనే కనిపించే అసిమెట్రీ (రెండోవైపుతో పోలిస్తే తేడాగా ఉన్న చోటు), బైరాడ్స్ (రొమ్ము పరీక్ష రిపోర్టులకి ఇచ్చే గ్రేడు) 0 అని రాశారు. సున్నా అంటే ఏమీ లేదని సంబరపడ్డాం, తీరా చూస్తే పరీక్ష ఇంకా పూర్తి కాలేదని అర్థమట!

వారం తర్వాత చిత్తూరులోనే అల్ట్రాసౌండ్ చేయిస్తే రెండు వైపులా బైరాడ్స్ 1, నార్మల్ అని వచ్చింది. కానీ అక్కడి డాక్టరు మామోగ్రాం ఫిల్ములు కవర్లోంచి బయటికి కూడా తీయలేదు. మామోగ్రాం సీడీ కోసం మొదటి సెంటర్‌కి రెండుసార్లు తిరిగాం, ఇవ్వలేదు. ఇప్పుడు ఒక డాక్టరు ఏడాది ఆగి మళ్లీ తీయించమంటున్నారు, ఇంకొకరు ఆ చోటు మాత్రం నొక్కి తీసే స్పాట్ వ్యూ గానీ 3డీ మామోగ్రాం గానీ ఇప్పుడే కావాలంటున్నారు. అక్కకి టెన్షన్‌తో నిద్ర లేదు. అవసరమైతే వేలూరుకైనా వెళ్తాం.

ఇలా మామోగ్రాంలో 0, స్కానింగ్‌లో 1 వచ్చినవాళ్లకి ఆ అసిమెట్రీ తేల్చడానికి మళ్లీ మామోగ్రాం తీశారా, లేక స్కానింగ్‌తోనే సరిపెట్టారా?