వర్డ్‌ప్రెస్ ఫైళ్లు ఎవరి పేరు మీద ఉండాలి? వెబ్ సర్వర్ యూజరా, మన యూజరా?

పాలమూరు_పిల్లోడు:
అన్నలూ అక్కలూ, మా ఊరి స్కూల్ పూర్వ విద్యార్థుల కోసం ఉబుంటు 24.04 (లినక్స్) మీద ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, పీహెచ్‌పీ వేసి, సైట్ నడిపే వర్డ్‌ప్రెస్ పెడుతున్నాను. ఫైళ్లు నా హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి, బ్రౌజర్‌లో తెరిస్తే 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోంది. ఒక వీడియోలో సైట్ ఫోల్డర్ మొత్తానికి 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనే పర్మిషన్) కొట్టమన్నారు, కొట్టినా అదే 403. ఇంకో చోట అన్నీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ నడిచే యూజర్) పేరు మీదికి మార్చెయ్యమన్నారు. ఆఫీసులో సీనియర్ మాత్రం ఆ పని అస్సలు చెయ్యొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

రూట్_రమణ:
ముందు ఆ 777 తీసెయ్ తమ్ముడూ. నీ 403కి కారణం సైట్ ఫోల్డర్ కాదు, దాని పైన ఉన్న నీ హోమ్ ఫోల్డర్. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్ 750తో వస్తోంది, అంటే బయటి యూజర్ లోపలికి అడుగు పెట్టలేడు. ఒక ఫైల్ చదవాలంటే దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ మీదా ఎగ్జిక్యూట్ (లోపలికి వెళ్లే) పర్మిషన్ ఉండాలి, మధ్యలో ఒక్కచోట లేకపోయినా కింద 777 పెట్టి ఏం లాభం? ఎర్రర్ లాగ్ చూడు, '13: పర్మిషన్ డినైడ్' అని ఉంటుంది. నేమ్‌ఐ కమాండ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి (namei -l) ఫైల్ పాత్ కొడితే దారి మొత్తం వరుసగా చూపిస్తుంది, ఎక్కడ ఆగిందో అక్కడే కనబడుతుంది. సైట్‌ని వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్‌లోకి (/var/www) మార్చుకో.

ఇక ఓనర్ విషయం. మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్. వెబ్ కంటెంట్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరు మీద ఉండకూడదని, ఉంటే సర్వర్‌లోకి చొరబడినవాడు సైట్‌నే తిరగరాయగలడని ఉబుంటుకి మూలమైన డెబియన్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఓనర్ నువ్వు, గ్రూప్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, ఫోల్డర్లు 750, ఫైళ్లు 640. సర్వర్ చదువుతుంది, రాయలేదు. రాసే హక్కు ఫొటోలు వగైరా పడే అప్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కదానికే ఇచ్చి, అందులో పీహెచ్‌పీ నడవకుండా కాన్ఫిగ్‌లో ఆపెయ్.

శ్రావణి_కె:
రమణ గారూ, పుస్తకం ప్రకారం మీరు చెప్పింది ఒప్పే. కానీ ఆ స్కూల్ సైట్‌కి రేపు అప్‌డేట్లు ఎవరు చేస్తారండీ? వర్డ్‌ప్రెస్‌లో 2013లో, 3.7 వెర్షన్‌తో, సెక్యూరిటీ అప్‌డేట్లు దానంతటదే వేసుకునే వీలు వచ్చింది. మీరన్నట్టు ఫైళ్ల మీద రాసే హక్కు తీసేస్తే అవి ఆగిపోతాయి, డాష్‌బోర్డ్‌లో అప్‌డేట్ నొక్కితే ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్లు పంపే పద్ధతి) పాస్‌వర్డ్ అడుగుతుంది, అది చూసి మామూలు మనిషి భయపడి వదిలేస్తాడు. నేను చూసిన చిన్న సైట్లలో హ్యాక్ అయినవన్నీ పాత ప్లగిన్ల (సైట్‌కి తగిలించే అదనపు కోడ్) వల్లే అయ్యాయి. తాళం గట్టిదే, కానీ లోపల కుళ్లిన ప్లగిన్ అలాగే కూర్చుంటే ఆ పర్మిషన్లు ఏం కాపాడతాయి?

రూట్_రమణ:
అప్‌డేట్ ఆపమని నేను అనలేదండీ. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే టూల్) పెట్టుకుని, ఫైళ్ల ఓనర్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) రాత్రికొకసారి కోర్, ప్లగిన్లు అప్‌డేట్ అయ్యేలా రాస్తే సరిపోతుంది. బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్‌కి రాసే హక్కు ఉండదు, అప్‌డేటూ ఆగదు. ప్లగిన్‌లో బొక్క ఉన్నప్పుడే కదా ఈ పర్మిషన్ల అవసరం? కోడ్ ఫైళ్ల మధ్యలో బ్యాక్‌డోర్ (దొంగదారి కోడ్) దాచే చోటే ఉండదు, వెతకాల్సింది అప్‌లోడ్స్ ఒక్కటే.

వీపీఎస్_వాసు:
మీరిద్దరూ ఒక్క సైట్ ఉందనుకుని మాట్లాడుతున్నారు. ఒకే సర్వర్‌లో నాలుగు సైట్లు ఉండి, నాలుగింటి పీహెచ్‌పీ ఒకే యూజర్ కింద నడిస్తే, ఒకదాంట్లో దూరినవాడు మిగతా మూడింటి కాన్ఫిగ్ ఫైళ్లు చదివి డేటాబేస్ పాస్‌వర్డ్‌లు పట్టుకుపోతాడు. దానికి 640 అడ్డు కాదు, గ్రూప్ అదే కాబట్టి. సైట్‌కో యూజర్, సైట్‌కో ఎఫ్‌పీఎం పూల్ (ఆ సైట్ పీహెచ్‌పీని విడిగా నడిపే ప్రాసెస్‌ల గుంపు) పెట్టండి.

శ్రావణి_కె:
వాసు గారి పద్ధతికి నేను ఓకే. పూల్‌ని సైట్ ఓనర్ పేరు మీదే నడిపితే డాష్‌బోర్డ్ అప్‌డేట్లూ పనిచేస్తాయి.

రూట్_రమణ:
పనిచేస్తాయి, కానీ ఆ సైట్ కోడ్‌ని ఆ సైట్ పీహెచ్‌పీయే మార్చగలుగుతుంది, మళ్లీ మొదటికొచ్చాం. పూల్‌కి ఒక యూజర్, ఫైళ్లకి వేరే యూజర్ ఉండాలి. సైట్లను విడదీయడం ఒక పని, కోడ్‌ని కాపాడుకోవడం ఇంకో పని.

తమ్ముడూ, ఒక్క జాగ్రత్త. నీ యూజర్‌ని కొత్త గ్రూప్‌లో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్‌కి పెద్ద జీతో పాటు చిన్న ఏ కూడా ఇవ్వు (usermod -aG). అది మరిస్తే పాత గ్రూపులన్నీ పోతాయి, అడ్మిన్ హక్కులిచ్చే సుడో గ్రూప్‌తో సహా. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వు, అప్పటిదాకా కొత్త గ్రూప్ పట్టదు.

పాలమూరు_పిల్లోడు:
అన్నా, ఫోల్డర్ మార్చాక 403 పోయింది. ఓనర్ నేనే, అప్‌లోడ్స్ ఒక్కటే సర్వర్‌కి ఇచ్చాను. క్రాన్ కూడా రాస్తున్నా.

శ్రావణి_కె:
మంచిది. కానీ ఆ క్రాన్ ఫెయిలైతే తెలిసేదెవరికి? మెయిల్ నీతో పాటు స్కూల్‌లో కంప్యూటర్ సార్‌కి కూడా వెళ్లేలా పెట్టు. నువ్వు వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయినా ఎవరో ఒకరు చూడాలి.

రూట్_రమణ:
ఈ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. అయితే సర్వర్ నుంచి మెయిల్ బయటికి వెళ్లే ఏర్పాటు లేకపోతే ఆ మెయిల్ ఎవరికీ చేరదు. ఒక తప్పు కమాండ్ కావాలనే క్రాన్‌లో పెట్టి, మెయిల్ వచ్చిందో లేదో చూసి ఇక్కడ చెప్పు.